మగ్గం ముందు బేరం

శనివారం హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలకు ఒడిశాలోని మా బరంపురం చూపించాను. గోపాల్‌పూర్ బీచ్ అందరూ చూసేదే. అందుకని తెలిసిన దేవాంగుల ఇంటికి, నేరుగా మగ్గం దగ్గరికే తీసుకెళ్లాను. ఆ పెద్దాయన పని ఆపుకుని, గుడి గోపురాల వరసలా ఉండే ఫోడా కుంభ అంచు ఎలా పడుతుందో ఓపిగ్గా చూపించారు. బరంపురం పట్టుచీరకు ఉన్న జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపులో ఆ అంచు పేరు కూడా ఉంటుంది. మావాళ్లు వీడియోలు తీసుకున్నారు. తర్వాత ఆయన ఎదుటే ఫోన్‌లో వెతికి, "ఆన్‌లైన్‌లో ఇదే చీర సగం ధరకు వస్తోంది కదండీ" అన్నారు! వాళ్లు చూసింది మరమగ్గం చీర. రోజుల తరబడి చేత్తో నేసినదానికీ దానికీ పోలికేంటి? ఆయన ఏమీ అనలేదు, అందరికీ టీ ఇప్పించారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం నా వంతు. పాత కుట్టు మిషన్ ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాను. పొద్దున్నుంచీ తెలుగు, ఒడియా, హిందీ అన్నిట్లోనూ ఒకటే ప్రశ్న, "లాస్ట్ ఎంత?" ఒకాయన 10 గంటలకన్నాడు, 12 అన్నాడు, 4 అన్నాడు, రాలేదు. ఇంకొకడు క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందన్నాడు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే మన డబ్బే పోతుంది. అమ్మ చేతిలో ఫోన్ ఉండుంటే కొట్టేసేది. ఆ టెన్షన్ ఇంకా తగ్గలేదు.

మిషన్ వరండాలోనే ఉంది. ఆ పెద్దాయనకు ఫోన్ చేయడానికి మొహం చెల్లడం లేదు.