టైరు సైజు లెక్క ఎవరికీ పట్టదా?

నా ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ కారుకి కంపెనీ ఇచ్చిన టైరు 205/55 ఆర్16. అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, టైరు పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 16 అంగుళాలు. 17 అంగుళాల అల్లాయ్ రిమ్‌లు వేయిద్దామని షాపుకెళ్తే, "215/55 వేసేయండి సార్, గుంతల్లో బాగుంటుంది" అన్నాడు షాపతను. అలా వేస్తే టైరు మొత్తం ఎత్తు (వ్యాసం) 632 మిల్లీమీటర్ల నుంచి 668కి పోతుంది! స్పీడోమీటరు లెక్క దాదాపు 6 శాతం మారుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రాసుకోవచ్చు. 225/45 అయితే 634, సరిపోతుంది. అది నేనే ఇంట్లో కూర్చుని లెక్కేసుకోవాల్సి వచ్చింది.

రిమ్ సంగతి మరీ ఘోరం. నా బండికి బోల్టుల వృత్తం (రిమ్‌ను బిగించే బోల్టులన్నీ ఉండే వృత్తం వ్యాసం) 100 మిల్లీమీటర్లు. 112 ఉన్న రిమ్ తెచ్చి "అడాప్టర్ (మధ్యలో బిగించే ప్లేటు) పెడదాం" అంటాడు! పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వెళ్లే బండి సార్ అది. నాలుగు రోజులైంది, కోపం తగ్గట్లేదు.