ఆటలకు పీజీ ఎందుకు? రిక్రియేషన్ మాస్టర్స్ ఎవరికి పనికొస్తుంది?

అమెరికాలో రిక్రియేషన్ అడ్మినిస్ట్రేషన్ అని ఒక మాస్టర్స్ ఉందంటే చాలామందికి ముందు నవ్వొస్తుంది. ఆడించడానికి కూడా పీజీయా అంటారు. పార్కులు, స్విమ్మింగ్ పూల్స్, కమ్యూనిటీ సెంటర్లు, సమ్మర్ క్యాంపులు, క్యాంపస్ జిమ్‌లు నడిపేవాళ్ల చదువు ఇది. యూనివర్సిటీని బట్టి పేరు మారుతుంది. క్లెమ్సన్‌లో పార్క్స్, రిక్రియేషన్ అండ్ టూరిజం మేనేజ్‌మెంట్ అంటారు. నవ్వేవాళ్ల మాటలో సగం నిజముంది: ఆడించడానికి పీజీ అక్కర్లేదు. ఆ ఆటకయ్యే ఖర్చు ఎవరి జేబులోంచి రావాలో తేల్చడానికి మాత్రం గట్టి చదువే కావాలి. ఈ డిగ్రీని ఆ ఒక్క కొలతతోనే చూడాలని నా అభిప్రాయం.

ఒక టెన్నిస్ కోర్టునే తీసుకోండి. గీతలు మార్చి గీస్తే ఆ జాగాలో టెన్నిస్ లాంటిదే అయిన పికిల్‌బాల్ ఆటకు నాలుగు చిన్న కోర్టులు పడతాయి. నలుగురు డబుల్స్ ఆడే చోట పదహారు మంది ఆడొచ్చు. లెక్క చూస్తే మార్చేయడమే న్యాయం. కానీ గట్టి బ్యాటుకు గట్టి ప్లాస్టిక్ బంతి తగిలినప్పుడల్లా టక్ టక్ మంటుంది. పొద్దున్నే మొదలయ్యే ఆ చప్పుడు భరించలేక చుట్టుపక్కల ఇళ్లవాళ్లు సిటీ కౌన్సిల్‌కి వెళ్తారు. కోర్టు పోయిందని టెన్నిస్ వాళ్లూ అక్కడికే వస్తారు. ఫెన్సింగ్‌కి చప్పుడు ఆపే షీట్లు కట్టాలా, టైమింగ్స్ పెట్టాలా, గంటకింతని వసూలు చేయాలా? ఫీజు పెడితే ఉన్నవాళ్లు కడతారు, స్కూలు పిల్లలు రావడం మానేస్తారు. పోనీ ఈ గొడవంతా ఎందుకు, పార్కింగ్‌కి ఇచ్చేద్దామంటే అదీ అంత తేలిక కాదు. ఆ పార్కుకు గతంలో ఫెడరల్ ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్ సొమ్ము తీసుకుని ఉంటే, దానికి తగ్గ విలువున్న మరో స్థలం చూపించి కేంద్రం అనుమతి తెచ్చుకోవాలి. ఈ నిధి చట్టం 1964 నాటిది. కౌన్సిల్ మీటింగ్‌లో ఎవరో అడిగినప్పుడే ఆ షరతు గురించి తెలిసిందంటే, అప్పటికే ఆలస్యమైనట్టు.

డబ్బు గొడవ ఇంత ముదరడానికి పెద్ద కారణం 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 13. ఆస్తి పన్ను విలువలో 1 శాతం దాటకూడదని, పన్ను వేసే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదని అది కట్టడి చేసింది. స్థానిక సంస్థల రాబడి ఒక్కసారిగా పడిపోయింది. పోలీసులను, ఫైర్ సర్వీసును తగ్గించలేరు కాబట్టి పార్కులు, లైబ్రరీల మీద కోత పడింది. అక్కడ ఫీజుల మీద ఆధారపడటం బాగా పెరిగింది. ఈ రంగంలో ఇప్పుడు రోజూ వినిపించే మాట 'కాస్ట్ రికవరీ', అంటే ఖర్చులో ఎంత భాగం వాడుకునేవాళ్ల నుంచే రాబట్టాలన్నది.

రెండు చివర్ల దగ్గర జవాబు తేలికే. చిన్నపిల్లలకు ఈత నేర్పితే ప్రాణాలు నిలుస్తాయి, అది పన్నుల సొమ్ముతో చేయాల్సిన పని. పెద్దల సాఫ్ట్‌బాల్ లీగ్ ఖర్చు ఆడేవాళ్లే పెట్టుకోవచ్చు. తగువంతా మధ్యలోనే. రిటైరైనవాళ్ల వాటర్ ఎయిరోబిక్స్ ఆరోగ్యమా, కాలక్షేపమా? ఒక క్లాసు దాని ఖర్చు అదే రాబట్టుకుంటోందని కాగితం చూపిస్తారు. తీరా చూస్తే అందులో ఇన్‌స్ట్రక్టర్ జీతమే ఉంటుంది. పంపుల కరెంటు బిల్లు, లైఫ్‌గార్డులు, ఆఫీసు జీతాలు కనిపించవు. ఆ కాగితాన్ని చదివి తప్పు పట్టుకోవడం నేర్పితే ఆ కోర్సుకు కట్టిన ఫీజు దండగ కాదు. పార్కు పక్కన ఇళ్ల విలువ పెరిగి ఆ లాభం పన్ను రూపంలో ఊరి ఖజానాకే తిరిగొస్తుందన్న వాదన న్యూయార్క్ సెంట్రల్ పార్క్ రోజుల్లో దాని రూపకర్తల్లో ఒకరైన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ చేసిందే. టెక్సాస్ ఏ అండ్ ఎంలో జాన్ క్రాంప్టన్ దాని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. కౌన్సిల్ ముందు నిలబడేవాళ్లకు అలాంటి సరుకు కావాలి.

ఇక మాస్టర్స్ అక్కర్లేని పనులూ చాలానే ఉన్నాయి. పూల్‌లో క్లోరిన్, పీహెచ్ చూసుకోవడానికి చిన్న సర్టిఫికేషన్ కోర్సు చాలు. ఈ రంగంలో పేరున్న సీపీఆర్పీ (సర్టిఫైడ్ పార్క్ అండ్ రిక్రియేషన్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్‌కు కూడా మాస్టర్స్ ఉండాలన్న నిబంధన లేదు. ఆటల ద్వారా రోగులకు సాయపడే థెరపీ వైపు వెళ్లాలంటే అది వేరే దారి.

అందుకే బ్యాచిలర్స్ అయిపోగానే నేరుగా ఇందులో చేరడం నాకు నచ్చని ఆలోచన. ఏదో ఒక పార్కుల శాఖలో రెండు మూడేళ్లు పనిచేసి, పైఅధికారి బడ్జెట్ కోసం పడే టెన్షన్ దగ్గరనుంచి చూశాక చేరితే క్లాసులో చెప్పేది తలకెక్కుతుంది.

దీనికి మినహాయింపు క్యాంపస్ రిక్రియేషన్, అంటే యూనివర్సిటీలో విద్యార్థుల జిమ్‌లు, ఆటలు నడిపే పని. అక్కడ ప్రొఫెషనల్ ఉద్యోగాలకు మాస్టర్స్ అడగడం మామూలే, దానికి దారి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్. వారానికి 20 గంటలు పనిచేస్తే చాలాచోట్ల ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది, స్టైపెండ్ కూడా ఇస్తారు. ఆ పనేమీ సుఖంగా ఉండదు. రాత్రి పదకొండింటికి ఇంట్రామ్యూరల్ (క్యాంపస్ విద్యార్థులు తమలో తాము ఆడే) బాస్కెట్‌బాల్‌లో కుర్రాళ్లు కొట్టుకుంటే విడదీయాలి, ఏడవబోతున్న స్టూడెంట్ రెఫరీకి సర్దిచెప్పాలి, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాసి అప్పుడు ఇంటికెళ్లాలి. నేర్చుకునేది మాత్రం అక్కడే ఎక్కువ. అసిస్టెంట్‌షిప్ లేకుండా అప్పు చేసి పూర్తి ఫీజు కట్టేవాళ్లను మాత్రం వద్దనే అంటాను. విదేశీ విద్యార్థులైతే ఇంకా ఆలోచించుకోవాలి. ఈ కోర్సు స్టెమ్ జాబితాలో లేదు కాబట్టి చదువయ్యాక పనిచేయడానికిచ్చే ఓపీటీ అనుమతి 12 నెలలే. యూనివర్సిటీలకు హెచ్‌1బీ లాటరీ లేకపోవడం ఒక్కటే ఊరట, అది కూడా యూనివర్సిటీ స్పాన్సర్ చేస్తేనే.

పార్కుల శాఖ డైరెక్టర్ కుర్చీయే లక్ష్యమైతే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ మాస్టర్స్‌ గట్టి పోటీ. ఫైనాన్స్ అక్కడే లోతుగా చెబుతారు. రిక్రియేషన్ డిగ్రీ పైచేయి సాధించేది ఒక్కచోటే. పార్కు గేటు దగ్గర లెక్కపెడితే వచ్చినవాళ్లే తేలుతారు. రానివాళ్లు ఎందుకు రావట్లేదన్నది, బస్సు లేకా, ఫీజు కట్టలేకా, లేక తమకిక్కడ చోటు లేదనిపించా అన్నది, ఇక్కడ ఒక సబ్జెక్టుగా చదువుతారు. ఫీజు ఎంత పెట్టాలో తేల్చేటప్పుడు ఆ జవాబు లేకపోతే లెక్క సగమే.

అప్లై చేసే ముందు డిపార్ట్‌మెంట్‌కి ఒక మెయిల్ పెట్టండి. ఈమధ్య విద్యార్థులు చేసిన థీసిస్‌లు, ప్రాజెక్టుల పేర్లు అడగండి. నిజమైన పార్కుల శాఖ బడ్జెట్ మీద ఎవరైనా పనిచేశారేమో చూడండి. జవాబుగా బ్రోషర్ పంపిస్తే ఇంకో యూనివర్సిటీ చూసుకోవడం మంచిది.