బ్యాక్ ఆడినవాళ్లను వదులుకోవద్దు

అనంతపురంలో సాయంత్రం ఏ ఫుట్‌బాల్ మైదానానికి వెళ్లినా పిల్లలంతా ఫార్వర్డ్ ఆడతామనేవాళ్లే. బ్యాక్‌లో, అంటే గోల్ కాపాడే డిఫెండర్‌గా వెనక నిలబడమంటే మొహం మాడ్చుకుంటారు. గోల్ కొట్టినవాడి పేరే మరునాడు బడిలో వినిపిస్తుంది కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. జిల్లాలో ఫుట్‌బాల్ ఇంకో మెట్టెక్కాలంటే మాత్రం ఏళ్ల తరబడి బ్యాక్ ఆడి, ముప్పై దగ్గరపడగానే ఆటకు దూరమైపోతున్నవాళ్లను పట్టుకోవాలి. మనకు కావాల్సిన కోచ్‌లు అక్కడే ఉన్నారని నా నమ్మకం.

ఇంగ్లండ్‌లో ఎడ్డీ హౌ సంగతే చూడండి. బోర్న్‌మౌత్ అనే చిన్న క్లబ్‌కు కింది డివిజన్లలో డిఫెండర్. 2002లో పోర్ట్స్‌మౌత్ కొనుక్కుంది గానీ, మోకాలి దెబ్బతో అక్కడ దాదాపు ఆడిందే లేదు. 2004లో అతన్ని వెనక్కి తెచ్చుకోవడానికి బోర్న్‌మౌత్ అభిమానులే చందాలు వేసుకున్నారు. 2007 వచ్చేసరికి ఆ మోకాలే అతని ఆటను ముగించేసింది. 2008 ఆఖర్లో, 31 ఏళ్లకే, అదే క్లబ్ పగ్గాలు అతని చేతికొచ్చాయి. అప్పుడు జట్టు నాలుగో డివిజన్‌లో ఉంది. అప్పుల గొడవల వల్ల 17 పాయింట్లు కోత పడి, లీగ్ నుంచే జారిపోయే పరిస్థితి. ఆ సీజన్ గట్టెక్కించాడు. 2015లో అదే బోర్న్‌మౌత్ అక్కడి అగ్ర డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌కు చేరింది. 2025 మార్చిలో, అతను తర్వాత కోచ్‌గా వెళ్లిన న్యూకాజిల్ క్లబ్ లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి లీగ్ కప్ గెలిచింది. ఇంగ్లండ్‌లో ఆ క్లబ్‌కు పెద్ద ట్రోఫీ దక్కడం 70 ఏళ్లలో అదే మొదలు. తొలి గోల్ తలతో కొట్టిన డాన్ బర్న్ కూడా డిఫెండరే.

ఇందులో అదృష్టం లేదనను. కానీ బ్యాక్ ఆడేవాడి పనేమిటో ఒకసారి దగ్గర్నుంచి గమనించండి. మైదానమంతా అతని కళ్ల ముందే ఉంటుంది. "ఎడమ పక్క ఖాళీ", "లోపలికి రానివ్వకు", "టైం ఉంది, తిరుగు" అని తొంభై నిమిషాలూ గొంతు చించుకుంటూనే ఉంటాడు. ఎదుటివాడి కాళ్లు చేసే మాయకు లొంగకుండా బంతి మీదే కన్నుంచడం దెబ్బలు తిని నేర్చుకుంటాడు. ఒక్క అడుగు తప్పు పడితే గోల్, ఆ నింద తనకే. జట్టును చదవడం, పక్కవాడిని సర్దడం, నింద మోయడం. కోచ్ చేసేదీ ఇదే కదా!

పెద్ద ఆటగాడైతేనే పెద్ద కోచ్ అవుతాడన్నది మన దగ్గర ఎప్పుడో చెల్లని మాట. భారత జట్టు కోచ్‌గా పేరు తెచ్చుకున్న హైదరాబాద్ రహీం సాబ్ బడిపంతులుగా పనిచేసినవారు. 1962 ఏషియాడ్‌లో తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ కొరియాపై ఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టాడు, స్వర్ణం మనదైంది.

అనంతపురానికి మైదానాల కొరత లేదు, ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని పల్లె పిల్లల చేతికీ బంతి అందింది. ఆడి ఆగిపోయినవాళ్లకే దారి లేదు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తే సరి, లేకపోతే బెంగళూరు బస్సు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) కోచింగ్ లైసెన్సుల్లో కింది నుంచి డి, సి, బి, ఎ అని మెట్లున్నాయి. డి లైసెన్స్ కోర్సు ఇక్కడే పెట్టి, ఫీజులో సగమైనా దాతలో క్రీడాశాఖో భరించి, పాసైనవాళ్లకు జీతమిచ్చి ఒక్కో మండలంలో అండర్-13 జట్టును అప్పగించాలి. రెండు సీజన్లు ఓడిపోయినా తీసేయకూడదు.