ఫొంటానాపై అభియోగం

1586లో రోమ్‌లో డొమెనికో ఫొంటానా అనే వాస్తుశిల్పి చేసిన పని నిర్మాణ రంగానికి తీరని అపకారం. సెయింట్ పీటర్స్ పక్కనున్న ఈజిప్టు ఏకశిలా స్తంభాన్ని చర్చి ముందుకు తరలించమని పోప్ ఐదో సిక్‌స్టస్ పురమాయించాడు. దూరం పావు కిలోమీటరు. పద్ధతి తెలిసిన కాంట్రాక్టరైతే ముందు శిలాఫలకం చెక్కించి, ఆ తర్వాత రాయి బరువెంతో వాకబు చేసేవాడు. ఈయన అదే రకం రాయి తునక తూచి, ఘనపరిమాణంతో గుణించి, 9,63,537 రోమన్ పౌండ్లని ముందే తేల్చాడు. మన లెక్కలో దాదాపు 330 టన్నులు. ఆఖరి 537 ఎవరడిగారు?

అక్కడితో ఆగినా క్షమించేవాళ్లం. ఒక్కో కాప్‌స్టన్ 20,000 పౌండ్లు లాగుతుందని, 40 పెడితే 8 లక్షలని, మిగతా బరువు 5 పెద్ద మీటలు మోస్తాయని కాగితం మీదే పంచేశాడు. కాప్‌స్టన్ అంటే గానుగలాంటిదే: నిలువు ఇరుసు, అడ్డదూలాలు, చుట్టూ తిరిగే మనుషులూ గుర్రాలూ. చిక్కల్లా నలభైనీ ఒకే లయలో తిప్పడం. ఒకటి ముందుకు దూకితే దాని మోకు మీద పక్కవాటి బరువూ పడుతుంది. అది తెగితే ఆ భారం మిగతావాటి మీదికి పోతుంది. అందుకే బూర ఊదితే తిప్పాలి, గంట కొడితే ఆపాలి. ఆ రెండూ వినబడాలి కనుక జనం నోరు మూయించారు. కంచె దాటితే మరణశిక్ష. మాట్లాడకూడదు, ఉమ్మకూడదు. సలహాలివ్వకుండా పని చూడాల్సిన దౌర్భాగ్యం ఏ జనానికీ రాకూడదు.

ఏప్రిల్ 30న 900 మందికి పైగా మనుషులు, 75 గుర్రాలు కలిసి 12 విడతల్లో రాయిని ఎత్తింది రెండడుగుల పైచిలుకు. ఇంతా చేసి ఓడిపోయింది ఇనుము: రాతికి బిగించిన పట్టీలు తెగాయి, జారాయి, మోకులు నిలిచాయి. ఒక నావికుడు “మోకుల మీద నీళ్లు పోయండి” అని అరిచి పని కాపాడాడని తర్వాత కథ పుట్టింది. ఫొంటానా తన పుస్తకంలో ఆ ఊసే ఎత్తలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన నిఖార్సైన ఇంజనీరు.

మే 7న రాయిని పడుకోబెట్టి, మట్టికట్ట మీదుగా దుంగలపై దొర్లించి, సెప్టెంబర్ 10న నిలబెట్టాడు. బహుమానంగా బిరుదు, పింఛనుతో పాటు పనికి వాడిన కలప, మోకులు, ఇనుము మొత్తం ఆయనకే ఇచ్చేశారు. మిగిలిన సామగ్రి కాంట్రాక్టరు ఇంటికి చేరడం ఆనాడు బహిరంగంగా, పోప్ ఉత్తర్వు మీద జరిగింది.