అటకెక్కిన కీబోర్డు, లెక్కల్లో డి గ్రేడు

మా మేనల్లుడు పదో తరగతి పాసయ్యాడు. ఫలితాలొచ్చిన వారంలోపే వాడి కీబోర్డుని పాత దుప్పట్లో చుట్టి అటకెక్కించేశారు. "రెండేళ్లేగా రా, ఎంపీసీ గట్టెక్కాక వాయించుకుందువుగానిలే" అన్నాడు బావ. వాడు నోరెత్తలేదు. నాకే ఆ రోజు నుంచి బ్రయాన్ కాక్స్ పదే పదే గుర్తొస్తున్నాడు.

ఎవరాయన అంటారా? బ్రిటన్‌లో పేరున్న ఫిజిక్స్ ప్రొఫెసర్. ఇంగ్లండులో మాంచెస్టర్ పక్కన ఓల్డమ్‌లో 1968లో పుట్టాడు. చిన్నప్పుడు టీవీలో ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్‌ని చూసి నక్షత్రాల పిచ్చి పట్టింది. కుర్రాడయ్యాక దాని మీదకి రాక్ పిచ్చి ఎక్కింది. థిన్ లిజీ అనే రాక్ బ్యాండులో కీబోర్డు వాయించిన డారెన్ వార్టన్ 'డేర్' అని సొంత బ్యాండు పెడితే అందులో చేరిపోయాడు. 1988లో ఒక ఆల్బమ్, 1991లో ఇంకొకటి. అప్పటి ఫొటోలు చూడండి, ఆ జుట్టుకి మన కాలేజీ గేటు దగ్గరే ఆపేస్తారు. మన ఇంటర్ లాంటి ఎ-లెవెల్స్‌లో లెక్కలకి వచ్చిన గ్రేడు డి.

డి అండీ, డి! మన ఇళ్లలో అయితే ఆ వేసవంతా ఫోన్ మోగితే ఎత్తరు, చుట్టాలెవరైనా మార్కులడుగుతారని.

తర్వాతేమైందంటే, 1991లో ఆ బ్యాండు మానేసి మాంచెస్టర్ యూనివర్సిటీలో ఫిజిక్స్ మొదటి సంవత్సరంలో కూర్చున్నాడు. వయసు 23. చదువుతూనే 'డి:రీమ్' అనే గ్రూపుతో స్టేజీల మీద కీబోర్డు వాయించాడు. (అది రాక్ కాదు, డాన్స్ మ్యూజిక్. రాక్ అభిమానులు నన్ను క్షమించాలి.) వాళ్ల పాటొకటి 1994 జనవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 'ఇక ముందన్నీ మంచి రోజులే' అన్నది ఆ పాట సారం. లోకంలో గందరగోళం పెరుగుతూనే పోతుందనే థర్మోడైనమిక్స్ రెండో సూత్రం చదివినవాడెవడూ ఒప్పుకోని మాట అది, కానీ జనం ఒప్పుకున్నారు. హాంబర్గ్‌లోని హెరా అనే కణాల యంత్రం మీద పరిశోధన చేసి 1998లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. తర్వాత జెనీవా దగ్గర సెర్న్ అనే కణ పరిశోధన కేంద్రంలో అట్లాస్ ప్రయోగం, అదే మాంచెస్టర్‌లో ప్రొఫెసర్ గిరీ. తోటి ప్రొఫెసర్ జెఫ్ ఫోర్‌షాతో కలిసి, ఐన్‌స్టీన్ E=mc² సూత్రం అసలెందుకు నిజమో మామూలు పాఠకుడికి విడమరిచే పుస్తకం 2009లో రాశాడు. అదే ఏడాది జులైలో సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి కెమెరాతో మన వారణాసికీ వచ్చాడు. గ్రహణం విడిచేదాకా మన ఇళ్లలో చాలామంది తలుపులేసుకుని కూర్చుంటే, ఆయన గంగ ఒడ్డున నిలబడి చూశాడు.

ఇప్పుడు కొందరు 'ఎక్కడో కోటికొకడు, వాణ్ణి చూపించి పిల్లల్ని చెడగొట్టకండి' అంటారు. నిజమే, కీబోర్డు వాయిస్తే ప్రొఫెసర్ అవుతారని నేనూ అనడం లేదు. లెక్కల్లో డి వస్తే గొప్ప అనీ అనడం లేదు. డి వచ్చినవాడు ఆ లెక్కలన్నీ మళ్లీ కూర్చుని నేర్చుకుంటేనే కణ భౌతిక శాస్త్రం దాకా వెళ్తాడు. నా గొడవ ఆయన తెలివి గురించి కాదు, ఆ 23 గురించి. ఐదేళ్లు ఊళ్లు తిరిగి పాటలు వాయించి వచ్చినవాణ్ణి "ఇన్నేళ్లూ ఏం చేశావ్?" అని వెనక్కి పంపకుండా బెంచీ మీద కూర్చోబెట్టారే, అదీ నాకు కావలసింది.

మన దగ్గర ఐఐటీ సీటు కావాలంటే ఇంటర్ మొదటిసారి రాసిన ఏడాది, లేదంటే ఆ మరుసటి ఏడాది. అంతే, మూడో ఏడు జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయనివ్వరు. ఆ లెక్కన కాక్స్ మన కుర్రాడై ఉంటే ఆ గుమ్మం ఎప్పుడో మూసుకుపోయేది. పోనీ ఎక్కడో బీటెక్ చేశాడనుకోండి, ప్లేస్‌మెంట్ ఫారంలో 'ఇయర్ గ్యాప్' అని ఒక గడి ఉంటుంది, దొంగతనం కేసులున్నాయా అని అడిగినట్టు. నాకూ ఒక ఏడాది గ్యాప్ ఉంది. ఇంటర్వ్యూలో కూర్చున్న పెద్దమనిషి నా రెజ్యూమెలో వేరే ముక్కేదీ చదవలేదు, ఆ గీత మీదే వేలు పెట్టుకుని అరగంట తవ్వాడు. ఆర్కెస్ట్రాలో వాయించానని చెప్పలేక జబ్బు చేసిందని అబద్ధమాడాను. జబ్బు చేస్తే పర్లేదు మరి!

అయితే అక్కడి గుమ్మం కూడా ఊరికే తెరిచి లేదు. 1991లో బ్రిటన్‌లో డిగ్రీకి ఫీజు లేదు. 1997 ఎన్నికల్లో లేబర్ పార్టీ ఊరూరా మోగించింది ఇందాక చెప్పిన ఆ పాటనే. గెలిచారు. మరుసటి ఏడాదే యూనివర్సిటీల్లో ఏడాదికి వెయ్యి పౌండ్ల దాకా ఫీజు పెట్టారు. ఆ కీబోర్డు వాయించినవాడు డాక్టరేట్ పుచ్చుకున్న ఏడాదీ అదే. ఈ సంగతి తెలిశాక ఆ పాట వింటుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఇదే బ్రిటన్‌లో క్వీన్ అనే రాక్ బ్యాండు గిటారిస్టు బ్రయాన్ మే కూడా ఉన్నాడు. గ్రహాల మధ్య ధూళి మీద పరిశోధనని 1974లో మధ్యలో వదిలేశాడు. లండన్ ఇంపీరియల్ కాలేజీకే తిరిగొచ్చి 2007లో డాక్టరేట్ పూర్తిచేశాడు. 33 ఏళ్ల గ్యాప్! ఏ ఫారంలో ఏ గడిలో పడుతుందది?

ఆదివారం అక్కావాళ్లింటికి వెళ్తున్నా. నిచ్చెన కావాలని ఫోన్లో చెబితే "ఎందుకురా?" అన్నాడు బావ. అటక మీద దుమ్ము దులపాలన్నాను.