‘బై’కీ ‘టిల్’కీ తేడా తెలియకపోతే ఎలా?

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసు తలుపు మీద ‘కౌంటర్ ఓపెన్ బై 5’ అని ఇంగ్లిష్ కాగితం అంటించి ఉంటే, సాయంత్రం అయిదుకల్లా తెరుస్తారు కాబోలు అనుకుని, నిన్న వన్‌టౌన్ నుంచి అమ్మను వెంటబెట్టుకుని ఎండలో సరిగ్గా అయిదింటికి వెళ్లాను. షట్టర్ సగం దించేసి ఉంది. అదేంటండీ అంటే ‘అయిదు దాకానే అని రాశాం కదా’ అంటున్నాడు అక్కడి ఉద్యోగి! దాకా అంటే టిల్ అయ్యా, బై అంటే అయిదుకల్లా అని. మన ‘కల్లా’, ‘దాకా’ దగ్గర చిన్నపిల్లలు కూడా తికమకపడరు. మరి విజయవాడలో తెలుగువాళ్ల కోసం పెట్టే కాగితం తెలుగులో రాయడానికి ఏం అడ్డమొచ్చింది? మోకాళ్ల నొప్పులతో అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఆ మెట్లు మళ్లీ దిగుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.