చిన్నపిల్లలకు సీపీఆర్ దేనికి అంటున్నవారికి

మా హైస్కూల్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పది రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ఫార్వర్డ్ మీద ఫార్వర్డ్ అయి వచ్చింది కాబట్టి మీ గ్రూపుకూ చేరే ఉంటుంది. దాని సారం ఇది: ‘బడుల్లో సీపీఆర్ (గుండె ఆగినవాళ్ల ఛాతీని పదేపదే నొక్కడం) నేర్పడం, గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ మిషన్లు పెట్టడం డబ్బు దండగ. పిల్లలకు గుండెపోటు రాదు. సీపీఆర్ చేసే బలం వాళ్లకు ఉండదు. తెలియక చేస్తే పక్కటెముకలు విరుగుతాయి, షాక్ కొట్టి బతికున్నవాడు పోతాడు. కేసు టీచర్ మెడకు చుట్టుకుంటుంది. 108 ఉండగా ఇవన్నీ ఎందుకు?’

నేను డాక్టర్‌ని కాదు, సైన్స్ టీచర్‌ని. శిక్షణ తీసుకుని నాలుగేళ్లుగా మా తొమ్మిదో తరగతి పిల్లలకు సీపీఆర్ నేర్పిస్తున్నాను. ఆ మెసేజ్‌లో ఒక్క మాటలో నిజం ఉంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు ‘పిల్లలకు గుండెపోటు రాదు’ అన్నది. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. రక్తనాళం పూడుకుపోయి గుండె కండరానికి రక్తం అందకపోతే అది గుండెపోటు. అప్పుడు మనిషి చాలాసార్లు తెలివిలోనే ఉంటాడు, ఛాతీ పట్టేసిందని చెప్పగలడు. గుండె ఆగిపోవడం చాలావరకు గుండెను కొట్టించే కరెంటు సంకేతాల సమస్య. లయ తప్పి గుండె ఊరికే వణుకుతూ ఉంటుంది, రక్తం కదలదు, మనిషి సెకన్లలో కూలిపోతాడు. గుండె కండరం అసహజంగా మందంగా ఉండే పిల్లలున్నారు, ఆ కరెంటు వ్యవస్థలోనే పుట్టు లోపం ఉన్న పిల్లలున్నారు. పైకి చూస్తే ఏమీ తెలియదు, మనకన్నా చురుగ్గా పరుగెత్తుతుంటారు. ఏ లోపమూ లేకపోయినా సరే, గుండె కొట్టుకోవడంలోని ఒకానొక క్షణంలో ఛాతీకి గట్టి దెబ్బ తగిలితే ఆగిపోవచ్చు. 2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ మైదానంలో అలాగే పడిపోయాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. అక్కడికక్కడే సీపీఆర్ చేసి షాక్ ఇచ్చారు. ఆ ఏడాదే మళ్లీ ఆటలో దిగాడు.

అసలు బడిలో ఉండేది పిల్లలు ఒక్కరేనా? ఏఈడీ ఉన్న 1,710 అమెరికన్ హైస్కూళ్ల మీద 2009లో ఒక అధ్యయనం వచ్చింది. ఆ బడుల్లో గుండె ఆగినవాళ్లు 36 మంది. అందులో విద్యార్థి క్రీడాకారులు 14 మందే. మిగతా 22 మంది పెద్దవాళ్లు, అంటే సిబ్బంది, ఆట చూడ్డానికి వచ్చినవాళ్లు. మొత్తం 36 మందిలో 23 మంది ఆస్పత్రి నుంచి ప్రాణాలతో ఇంటికెళ్లారు. మా స్టాఫ్‌రూమ్‌లో పదకొండు మందిమి ఉంటే ఆరుగురికి బీపీ మాత్రలున్నాయి, నాతో కలిపి. కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం స్వార్థం కూడా ఉంది.

‘పిల్లలకు బలం ఉండదు’ అన్నదానికి మా తరగతే జవాబు. మొదటి రోజు నేలమీద బొమ్మను పడుకోబెడితే పిల్లలు పడీపడీ నవ్వారు. ఛాతీని ఐదు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. సరిపడా లోతు పోతే బొమ్మలోంచి టక్ మని చప్పుడొస్తుంది. సన్నగా ఉండే ఒకమ్మాయికి ఎంత నొక్కినా చప్పుడు రాలేదు. మోచేతులు వంచి చేతులతోనే తోస్తోందని గమనించి, మోచేతులు బిగించి భుజాలు బొమ్మ మీదకు తెచ్చి ఒళ్లంతా వాలమన్నాను. టక్. తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. ఒక విడతలోని ముప్పై నొక్కులను తెలుగులో లెక్కపెడుతుంటే పది దాటాక వేగం పడిపోతోంది, ‘ఇరవై ఏడు’ అనేలోపు ఒక నొక్కు పోతోంది. ఒకటి నుంచి పది వరకు మూడుసార్లు లెక్కపెట్టుకుంటే సరిపోతుందని కనిపెట్టింది వాళ్లే. ఇది నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

వియన్నాలో 9 నుంచి 18 ఏళ్ల పిల్లలు 147 మందిని పరీక్షిస్తే 86 శాతం సీపీఆర్ సరిగ్గా చేశారు. లోతు వయసును బట్టి కాదు, ఒంటి బరువును బట్టి మారింది. కాబట్టి బక్క పిల్లలకు కష్టమే, కాదనను. కానీ ఫోన్ చేయడం, పెద్దవాళ్లను పిలవడం, ఏఈడీ తేవడం వాళ్లకు కష్టమా? 1999లో అమెరికాలోని సియాటిల్‌లో ఏఈడీని ఎప్పుడూ ముట్టని ఆరో తరగతి పిల్లలకు దాన్నిచ్చి, ఉత్తుత్తి రోగి మీద వాడమన్నారు. షాక్ దాకా రావడానికి సగటున 90 సెకన్లు పట్టింది. అంబులెన్స్ సిబ్బందికి 67 సెకన్లు. తేడా 23 సెకన్లు.

‘తెలియక చేస్తే చంపేస్తారు’ అన్నదే ఎక్కువమందిని భయపెడుతోంది. గుండె ఆగినవాణ్ని అలా వదిలేస్తే ఎలాగూ బతకడు. అతనికి అంతకన్నా మనం చేయగల చెరుపు లేదు. పక్కటెముక విరగొచ్చు, నిజమే. విరిగిన ఎముక అతుక్కుంటుంది. మరి గుండె ఆగకుండా ఊరికే స్పృహ తప్పినవాడికి పొరపాటున చేస్తే? సియాటిల్ ప్రాంతంలోనే ఫోన్‌లో సలహా విని అలా పొరపాటున నొక్కిన కేసులను 2010లో లెక్కేశారు. ఎముక విరిగింది 2 శాతం మందికి. లోపలి అవయవాలకు దెబ్బ తగిలినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇక షాక్. ఏఈడీ మన ఇష్టం వచ్చినట్టు షాక్ ఇచ్చే పెట్టె కాదు. అంటించిన ప్యాడ్ల ద్వారా అది గుండె లయను చదువుతుంది. షాక్‌తో సరిచేయగల లయ అయితేనే అనుమతిస్తుంది. లేకపోతే మీరు బటన్ ఎంత నొక్కినా ‘నో షాక్ అడ్వైజ్డ్’ అంటుంది. ఇంగ్లిష్‌లో మాట్లాడే మిషన్ అయితే ఆ నాలుగైదు ముక్కలు పిల్లలకు ముందే వినిపించాలి, లేకపోతే హడావుడిలో అర్థం కావు.

మన దగ్గర అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. ఎవరైనా పడిపోయి ఒళ్లు కాస్త ఎగరేస్తే ఫిట్స్ అని తాళంచెవుల గుత్తి చేతిలో పెడతాం. ముఖం మీద నీళ్లు కొడతాం, గ్యాస్ అయ్యుంటుందని సోడా తాగించబోతాం. గుండె ఆగిన మొదటి నిమిషంలో కూడా ఒళ్లు ఎగరొచ్చు. గురక లాంటి ఎగశ్వాస రావొచ్చు, దాన్ని చూసి ‘ఊపిరుందిలే’ అనుకుంటాం. సీపీఆర్ క్లాసులో నొక్కడం కన్నా ఎక్కువసేపు నేను చెప్పేది ఇదే: పిలిస్తే పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే మొదలుపెట్టాలి.

‘108 ఉందిగా’. ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైనప్పటి నుంచి ఎందరినో బతికించింది. కానీ సీపీఆర్, షాక్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. మా మండల కేంద్రం నుంచి మా ఊరికి బండి ఎంత వేగంగా వచ్చినా ఎన్ని నిమిషాలు పడుతుందో మీరే వేసుకోండి. 108కి ఫోన్ చేయొద్దని ఎవరూ అనడం లేదు. ఫోన్ చేశాక బండి వచ్చేదాకా ఏం చేస్తారన్నదే ప్రశ్న.

డెన్మార్క్ 2005లో బడుల్లో సీపీఆర్ నేర్పడాన్ని తప్పనిసరి చేసింది. 2001లో పక్కనున్నవాళ్లు సీపీఆర్ చేసింది 21 శాతం కేసుల్లో, 2010కల్లా 45 శాతం. నెల తర్వాత కూడా బతికున్నవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. అది బడుల పుణ్యమే అనలేం, అంబులెన్సులూ ఆస్పత్రులూ కూడా ఆ పదేళ్లలో మారాయి. నార్వే 1961లోనే మొదలుపెట్టింది. 12 ఏళ్ల నుంచి ఏడాదికి రెండు గంటలు నేర్పాలన్న ప్రతిపాదనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మద్దతిచ్చింది. రెండు గంటలంటే మా బడిలో వార్షికోత్సవం డాన్స్ రిహార్సల్‌కు ఒక్కరోజు పోయే టైమ్.

కేసు సంగతి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 30 ప్రకారం, సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్న మనిషి మేలు కోరి సద్భావంతో చేసిన పని వల్ల హాని జరిగినా అది నేరం కాదు. పాత ఐపీసీలో ఇదే సెక్షన్ 92. మన పక్షం వాళ్లు కూడా ఒక తప్పు చెబుతుంటారు: 2019 మోటారు వాహనాల చట్ట సవరణలోని ‘గుడ్ సమారిటన్’ (ఆపదలో ఆదుకున్నవాళ్లకు ఇచ్చే) రక్షణ దీనికీ వర్తిస్తుందని. అది రోడ్డు ప్రమాదాలకే.

మిగిలింది ఖర్చు. ఇక్కడ ఆ మెసేజ్ రాసినవాడితో నేను సగం ఏకీభవిస్తాను. ఏఈడీ లక్ష రూపాయల అటూఇటూ ఉంటుంది. ప్యాడ్లకు, బ్యాటరీకి గడువు తేదీలుంటాయి, అవి మార్చడానికి మళ్లీ డబ్బు కావాలి. మరుగుదొడ్డికి తలుపు లేని బడికి ముందు తలుపే కావాలి. కానీ సీపీఆర్‌కు కావలసింది ఒక బొమ్మ, ఒక పూట. దాన్ని ఏఈడీ ఖర్చుతో కలిపి ‘దండగ’ అనడం తప్పు. చేతులు ముందు, మిషన్ తర్వాత.

మా బడికి పూర్వ విద్యార్థులు చందాలేసుకుని పోయినేడు ఒక ఏఈడీ కొనిచ్చారు. ఎవరైనా ఎత్తుకుపోతారని మొదటి మూడు నెలలు హెచ్‌ఎం గదిలో బీరువాలో పెట్టాం, తాళం అటెండర్ దగ్గర. ఒకరోజు డ్రిల్ చేద్దామని పీఈటీ సార్ గ్రౌండ్‌లో పడుకున్నారు, ఇద్దరు పిల్లలు మిషన్ కోసం పరుగెత్తారు. అటెండర్ టీకి వెళ్లాడు. మిషన్ గ్రౌండ్‌కు చేరేసరికి పదకొండు నిమిషాలు. ‘నా దినం భోజనాలు కూడా అయిపోయుంటాయి’ అంటూ దుమ్ము దులుపుకుని లేచారు సారు. ఇప్పుడది వరండాలో, మంచినీళ్ల కుళాయి పక్కన గోడకు ఉంది. తాళం లేదు. మొన్నటి డ్రిల్‌లో నిమిషం నలభై సెకన్లు పట్టింది.